చివరి తెల్లకాగితం

కోయిలకుంట్ల,
12 ఆగస్టు 2023

అక్కకు,

వందనాలు. నేను బాగున్నాను, చెవులు తప్ప. కుడి చెవికి పెట్టుకున్న మిషను ఈల వేయడం తప్ప ఇంకే పనీ చేయడం లేదు. మొన్న నువ్వు ఫోను చేసినప్పుడు ఏదో అడిగావు, నేను ఇంకేదో చెప్పి ఉంటాను. సెల్లులో అక్షరాలు నొక్కడం నీకూ రాదు, నాకూ రాదు. ఇక మనకు ఉత్తరాలే గతి.

ఒక విశేషం రాస్తున్నాను. నా అద్దాల బీరువా సంగతి నీకు తెలుసు. బడిపంతులు ఉద్యోగం అయిపోయాక నాకు మిగిలిన పిచ్చి అదొక్కటే. ఒక రచయిత ఇంకో రచయితకు సంతకం చేసి ఇచ్చిన నవలలు పోగుచేస్తాను. అది వాళ్లింట్లో ఉండి, వాళ్ల చేతి చెమట పట్టి, ఎట్లాగో బజారుకు వచ్చింది కావాలి. మొదటి పేజీ మీద ఆ నాలుగు ముక్కలు చదువుతుంటే ఇద్దరు రచయితలు నా ఎదుట కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. చెవిటివాడికి ఇంతకంటే మంచి కాలక్షేపం ఏముంది చెప్పు.

పోయిన నెల కర్నూల్లో సోమన్న పాతపుస్తకాల అంగట్లో కంబన్న నవల ఒకటి దొరికింది. మొదటి పేజీ తిప్పితే, "మిత్రుడు యేసుప్రసాద్‌కు, మన రాళ్ల సీమ గుర్తుగా" అని కంబన్న రాత. అంటే బావ పుస్తకం. ఈ నెలలో ఇంకొకటి, రాహేలమ్మ గారు బావకు ఇచ్చింది. సోమన్నను అడిగితే, "ఎర్రగుంట్ల నుంచి లారీ బొజ్జన్న తెచ్చి ఈడ పడేసి పోతాండాడు సార్" అన్నాడు. చచ్చిపోయిన స్నేహితుడు ప్రేమతో ఇచ్చిన పుస్తకాన్ని పాత అంగడికి పంపే మనిషి అని బావ గురించి ఎప్పుడూ అనుకోలేదు.

నా మీద కోపం ఉంటే ఉండనీ. నా 'గనిదారి' నవల అచ్చయిన రోజు నుంచి పన్నెండేళ్లుగా నాతో మాట్లాడడం లేదు కదా. వాళ్లమ్మ విశ్వాసమ్మత్త కథ ఆయనే రాస్తానంటూ పదేళ్లు కూర్చున్నాడు. ఆమె నాకూ చెప్పింది, నేను రాశాను. దానికి అంత కడుపుమంట ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బావ పాత అలవాటు మాత్రం పోలేదు. రెండు పుస్తకాల్లోనూ చివరి తెల్లకాగితం నిండా పెన్సిల్ రాతలు. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో, పుస్తకం చదవడం అయిపోగానే వెనక పేజీలో ఏం తెలుసుకున్నారో రాయమనేవాళ్లట. డెబ్బై ఏళ్లొచ్చినా అదే పని. పుస్తకానికి అంతకు మించిన చీడ లేదు. ఆ రాతలు చదవకుండానే, రెండు కాగితాలనూ మైదా జిగురు పూసి వెనక అట్టకు అతికించేశాను. బైండు కూడా గట్టిపడింది.

ఈ పుస్తకాలు ఎందుకు వదిలించుకుంటున్నాడో తెలిస్తే రాయి. నేను అడిగినట్టు బావకు చెప్పకు.

నీ తమ్ముడు,
వసంతకుమార్


ఎర్రగుంట్ల,
21 ఆగస్టు 2023

తమ్ముడు వసంతుకు ప్రభువు పేరిట వందనాలు.

నీ ఉత్తరం అందింది. మీ బావకు చదివి వినిపించలేదు. అందులో చీడ, కడుపుమంట అని ఉంటే ఎట్లా వినిపిస్తాను? "ఏం రాసినాడు?" అని మూడుసార్లు అడిగినాడు. "బాగుండారా అని అడిగినాడు" అన్నాను. "అంతేనా?" అన్నాడు. అంతే అన్నాను.

నీకు తెలియని సంగతి ఒకటి ఉంది. షుగరు ఆయన కళ్లకు దిగింది. ఎడమ కన్ను పోయింది. కుడి కంటితో, భూతద్దం పెట్టుకుని, పొద్దున పది నుంచి పదకొండు దాకా చదువుతాడు. ఆ తర్వాత నీళ్లు కారతాయి. కిడ్నీలు కూడా మంచిగా లేవని కడప డాక్టరు అన్నాడు. పుస్తకాలు ఎందుకు పంపిస్తున్నాడని నేనూ అడిగాను. "చదివే కన్ను లేని ఇంట్లో అవెందుకు?" అన్నాడు. అమ్ముకోవడానికి కాదు వసంతూ. బొజ్జన్న లారీ కర్నూలుకు పోయే రోజు చూసుకుని ఒక్కొక్కటే పంపుతాడు. పంపే ముందు రెండు రోజులు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు.

నువ్వు ఒకసారి వచ్చి పో. పన్నెండేళ్లు చాలు. నేను ముసలిదాన్ని అయిపోయాను, మీ ఇద్దరి మధ్య గోడ మీద పిల్లిలా ఉండలేను.

ఇక్కడ వానలు లేవు. దుమ్ము మాత్రం బాగా ఉంది. నువ్వు చెవి మిషను మార్పించుకో.

అక్క,
ప్రేమజ్యోతి


కోయిలకుంట్ల,
9 అక్టోబరు 2023

అక్కా,

బావ కళ్ల సంగతి చదివి బాధపడ్డాను. నిజంగానే బాధపడ్డాను. వద్దామని సంచి కూడా సర్దుకున్నాను. అంతలో ఒక మాట గుర్తొచ్చి ఆగిపోయాను. ఆయన రమ్మన్నాడా? నీ ఉత్తరంలో నువ్వు రమ్మన్నావు. ఆయన రమ్మన్నట్టు ఎక్కడా లేదు. పిలవని ఇంటికి పోయి గుమ్మంలో నిలబడే వయసు కాదు నాది.

పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. ఇప్పటికి ఆరయినాయి. కృష్ణవేణమ్మ గారు ఇచ్చిన దాంట్లో మొదటి పేజీ ఎంత బాగుందో. "అన్నయ్యా, మీ మొదటి నవల చదివి మూడు రోజులు వంట చేయలేదు" అని రాసింది. ఈ ముక్క ఆమె బావకు రాసింది, నాకు కాదు. ఆ పుస్తకం నా బీరువాలో పెడుతుంటే నాకే కొంచెం సిగ్గేసింది. సిగ్గేసినా పెట్టాను. వెనక కాగితాలన్నీ యథాప్రకారం అతికించాను. బావ రాత పెద్దదవుతోంది, ఒక్కొక్క అక్షరం రేగ్గాయంత ఉంది. అంత పెద్దగా రాసి కాగితం పాడుచేయాలా?

ఇంకో మంచి కబురు. 'గనిదారి' రెండో ముద్రణకు వస్తోంది. కడపలో ఒక ప్రచురణకర్త ముందుకు వచ్చాడు. అందరూ మెచ్చుకున్నది ఆ హాస్టలు ఘట్టమే అని, ఆ వాక్యాన్నే వెనక అట్ట మీద వేస్తానన్నాడు. నీకు గుర్తుందా? కరువులో తల్లి ఆరేళ్ల పిల్లవాణ్ణి నడిపించుకుని పోయి, పెన్న దాటి, హాస్టలు గేటు దగ్గర వదిలి వచ్చేస్తుంది. "విశ్వాసమ్మ వెనక్కి తిరిగి చూడలేదు." ఆ ఒక్క వాక్యానికి నాకు ఎన్ని ఉత్తరాలొచ్చాయో. ఆ పిల్లవాడు బావేనని చదివినవాళ్లకు తెలియదు కానీ, ఆయనకు గర్వంగా ఉండాలి కదా.

ఈ సంగతి బావకు చెప్పు. ఇది చెప్పొచ్చు.

వసంత్


ఎర్రగుంట్ల,
19 అక్టోబరు 2023

వసంతూ,

చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

అన్నం తింటున్నవాడు ముద్ద కంచంలోనే పెట్టేసినాడు. "ఆ మాట అట్ట మీద ఏస్తారా?" అన్నాడు. అవునన్నాను. "పేరు గూడా మార్చలేదు వాడు" అన్నాడు. తర్వాత చెయ్యి కడుక్కుని పోయి మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం లేచి, "నా పెన్సిల్ యాడ పెట్టినావు?" అని అడిగినాడు. ఇచ్చాను. భూతద్దంతో కూడా ఏం కనపడలేదు. రెండు గంటలు కుస్తీ పట్టినాడు.

ఇప్పుడు నాకు ఒకటి అనిపిస్తోంది. ఆయన నీ నుంచి ఏదో జవాబు కోసం చూస్తున్నాడు. పోస్టుమేన్ సైకిలు చప్పుడైతే చాలు, "వసంతుదేనా?" అంటాడు. నీదే అయినా, నేను సగం సగం చదివితే, "ఇంకేం రాయలేదా, పుస్తకాల గురించి ఏం రాయలేదా?" అంటాడు. నువ్వు పుస్తకాల గురించి రాసిందేమో నోటితో చెప్పేటట్టు ఉండదు. నేనేం చేయను?

ఈసారి ఆయనకు చదివి వినిపించగలిగే ఉత్తరం ఒకటి రాయి. రెండు వాక్యాలు చాలు.

అక్క


కోయిలకుంట్ల,
3 డిసెంబరు 2023

అక్కకు,

రెండు వాక్యాలు రాద్దామనే మొన్న కూర్చున్నాను. అంతలో కర్నూలు పోవాల్సి వచ్చింది. పోయినందుకు బుద్ధి వచ్చింది.

ఏడో పుస్తకం తీసుకుని వచ్చిన వారానికే సోమన్న ఎనిమిదోది బల్ల మీద పెట్టి, "ఇది మీదే సార్" అని నవ్వినాడు. చూస్తే 'గనిదారి'. పన్నెండేళ్ల కింద నేను బావకు ఇచ్చిన ప్రతి. మొదటి పేజీలో నా రాత అట్లాగే ఉంది: "బావకు, నువ్వు రాస్తావు రాస్తావని పదేళ్లు చూసి, ఇక నేనే రాసేశాను." ఏదో పరాచికానికి రాసిన మాట. బావాబావమరుదులం, ఆ మాత్రం చనువు లేదా?

అక్కా, ఇన్నేళ్లుగా నేను ఇట్లాంటి పుస్తకాలు కొంటున్నాను. ఒక్కొక్కటీ ఎవరో ఒకరు వద్దనుకుని వదిలేసిందే అని నాకు ఒక్కనాడూ తట్టలేదు. ఆ రోజు నా పుస్తకమే నా ముందు పడి ఉంటే తెలిసింది. ముఖం మీద కొట్టినట్టు ఉంది. సోమన్న ముందు నేను ఎంత చిన్నబోయానో నీకు తెలియదు. దాన్ని తెరిచి చూడలేదు. "ఎర్రగుంట్ల నుంచి వచ్చేవి ఇక నాకు చూపొద్దు, దీన్ని ఎవరికైనా ఇచ్చేయ్" అని చెప్పి బస్సెక్కాను.

రెండో ముద్రణకు ఆఖరి ప్రూఫులు చూసి పంపేశాను. మూడువందల ప్రతులు జనవరిలో వస్తాయి. ఒకటి నీకు పంపుతాను. నీకే, ఆయనకు కాదు.

వసంతకుమార్


ఎర్రగుంట్ల,
12 డిసెంబరు 2023

వసంతూ,

వందనాలూ క్షేమాలూ తర్వాత. ముందు ఇది చదువు.

ఆ ఎనిమిదో పుస్తకంలో చివరి కాగితం మీద రాసింది నేను. మీ బావకు పెన్సిల్ పట్టినా అక్షరం కనపడక, నన్ను కూర్చోబెట్టి, చెప్తూ రాయించినాడు. "వసంతా, ఇది ఎనిమిదో జాబు" అని మొదలుపెట్టమన్నాడు. "ఎనిమిదోదా? ముందరివేవి?" అని అడిగాను. "పంపిన పుస్తకాలన్నిట్లో ఉండాయి. వాడు ఒక్కదానికీ జవాబియ్యలే" అన్నాడు.

నువ్వు జిగురు పూసి అతికించింది ఆయన ఉత్తరాలు. చదివిన పుస్తకం మీద అభిప్రాయాలు కావు. నీకు నేరుగా ఉత్తరం రాయడానికి ఆయనకు మనసు ఒప్పలేదు. ఆ పుస్తకాలు సోమన్న అంగట్లో పడితే నువ్వు తప్ప ఎవరూ కొనరని ఆయనకు తెలుసు. నీకు ఇష్టమైన సంతకం ముందు పెట్టి, తన మాట వెనక పెట్టినాడు. మొదటి పేజీ చూసినవాడు చివరి పేజీ చూడకుండా ఉంటాడా అనుకున్నాడు పాపం.

నాకు నీ మొదటి ఉత్తరం గుర్తొచ్చింది. ఇదైనా తెరిచి చదువుతావులే అని అప్పుడే నీకు రాయలేదు. ఆయనకు చెప్పలేదు. చదివి కూడా ఊరకుండావని అనుకుంటున్నాడు. చదవకుండా అతికించినావని చెప్తే అది ఇంకా పెద్ద దెబ్బా, చిన్న దెబ్బా నాకు తెలియడం లేదు. నాకు నీ మీద శానా కోపంగా ఉంది. నా మీద కూడా ఉంది. ఆ ఉత్తరం రోజే ఉన్నదున్నట్టు చదివి ఉంటే ఇదంతా అప్పుడే తేలిపోయేది.

తెరువు. కర్నూలుకు పోయి ఎనిమిదోది తెచ్చుకో. అచ్చు ఆపించు.

ప్రేమజ్యోతి


కోయిలకుంట్ల,
2 జనవరి 2024

అక్కా,

కొత్త సంవత్సరం ఆరాధనకు కూడా పోలేదు.

గిన్నెలో నీళ్లు మరగబెట్టి, ఆవిరి పట్టి, ఒక్కొక్క కాగితాన్ని అట్ట నుంచి ఊడదీశాను. నాలుగు రోజులు పట్టింది. మైదా జిగురుకు పెన్సిల్ చాలా వరకు అలుక్కుపోయింది. దొరికినంత రాస్తున్నాను.

కంబన్న పుస్తకంలో: "వసంతా, ఇది నీకు ఇష్టమని తెలుసు. అందినట్టు ఒక ముక్క రాయి." రెండోదాంట్లో: "అందిందో లేదో తెలియలేదు. బాగున్నావా? చెవులు ఎట్లున్నాయి?" మూడోది సగం పోయింది. "నా కోపం నువ్వు అనుకున్న కోపం కాదు" అన్నంత వరకు ఉంది. నాలుగోదాంట్లో: "నువ్వు రాసిన దాంట్లో ఒక్క వాక్యం తప్పు. ఆ తప్పు నీది కాదు. అది దిద్దాలంటే నేను ఒకటి ఒప్పుకోవాలి. పదేళ్లు నవల రాయలేకపోయింది అందుకే." ఐదు, ఆరు పూర్తిగా చెరిగిపోయినాయి. ఏడోదాంట్లో అక్షరాలు అరచేయంత ఉన్నాయి. దానికి జిగురు నేనే ఎక్కువ పూశాను, అట్ట మీది మాటకు బావ అలిగాడన్న కోపంలో ఉన్నాను. అందులో "అమ్మ" అన్న ఒక్క మాట మిగిలింది.

వెంటనే కర్నూలు పోయాను. సోమన్న బుర్ర గోక్కున్నాడు. "మీరే కదా సార్ ఎవరికన్నా ఇయ్యమన్నారు. ఎవరో ఆదోని ఆయన పది పుస్తకాలు తీసుకున్యాడు, దాంట్లో ఏసిచ్చినా" అన్నాడు. ఆయన పేరు తెలియదు, ఆదోనిలో ఎక్కడుంటాడో కూడా తెలియదు. అంగడంతా నేనే వెతికాను, అయినా ఆశ చావక. దుమ్ముకు దగ్గు పట్టింది తప్ప ఏం లేదు.

కడపకు పోతే పుస్తకాలు అచ్చయి బైండుకు పోయినాయి. వెనక అట్ట మీద ఆ వాక్యం నిగనిగలాడుతోంది.

అక్కా, నేను చదవలేదని బావకు చెప్పు. ఎంత పెద్ద దెబ్బయినా సరే, నిజం చెప్పు. ఆ ఎనిమిదో కాగితంలో ఏం ఉందో, ఆయన ఒప్పుకుంటే నాకు రాయి. ఒప్పుకోకపోతే వద్దు.

వసంత్


ఎర్రగుంట్ల,
14 జనవరి 2024

తమ్ముడికి,

చెప్పాను. నవ్వినాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "జిగురా?" అన్నాడు. అవునన్నాను. "ఇంగ చెప్పుకో పో, నువ్వే రాయి. నేను రెండోతూరి చెప్పలేను" అన్నాడు. అందుకని ఇది నా మాటల్లో రాస్తున్నాను. ఆయన చెప్పినవి ఒక్కొక్కటీ నాకు గుర్తున్నాయి.

నువ్వు రాసినట్టే అత్తమ్మ ఆయన్ని నడిపించుకుని పోయి హాస్టల్లో వదిలి వచ్చింది. అక్కడి దాకా నిజం. ఆ సాయంత్రం హాస్టల్లో వరిబువ్వ, పప్పు పెట్టినారట. ఆరేళ్లకు అదే ఆయన మొదటిసారి కడుపు నిండా తినింది. మర్నాడు పొద్దున కూడా పెట్టినారు.

మర్నాడు మధ్యాహ్నం అత్తమ్మ మళ్లీ వచ్చింది. గనిలో పని ఎగ్గొట్టి, ఆ ఎండలో అంత దూరం నడిచి, కొంగులో సంగటి ముద్ద కట్టుకుని వచ్చింది. బిడ్డను వదిలి ఉండలేక, తీసుకుపోదామని వచ్చింది. గేటు దగ్గర నిలబడి పేరు పెట్టి పిలిచింది. ఆయనకు వినపడింది. పోతే మళ్లీ ఆ బువ్వ ఉండదని, ప్రార్థన మందిరం తలుపు వెనక దాక్కున్నాడు. ఆమె లోపలికి వచ్చి వెతికింది. ఆ తలుపు ముందు కూడా నిలబడింది. కొంచెంసేపు ఉండి, సంగటి వాచ్‌మన్ చేతికి ఇచ్చి వెళ్లిపోయింది. ఆ ముద్దను ఆయన రేకుపెట్టెలో పెట్టుకున్నాడు. తినడానికి సిగ్గు, పారేయడానికి భయం. చీమలు పట్టేదాకా అట్లాగే ఉంచుకున్నాడు.

ఆ తలుపు కింద బెత్తెడు సందు ఉండేదట. తన కాళ్లు అమ్మకు కనపడినాయో లేదో ఆయనకు తెలియదు. ఆమె బతికున్నన్నాళ్లూ అడగలేదు. ఆమె చెప్పలేదు. నీకు మన వసారాలో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తూ కథ చెప్పింది చూడు, అప్పుడు కూడా, "ఇడిసిపెట్టి వచ్చినా నాయనా" అని అక్కడే ఆపేసింది. తిరిగి పోయిన మాట చెప్తే కొడుకు దాక్కున్న మాట కూడా బయటికి వస్తుంది. అందుకే చెప్పలేదని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. అంటే ఆమెకు కాళ్లు కనపడినట్టే కదా. ఈ మాట మీ బావతో అనే ధైర్యం నాకు లేదు.

నలభై రెండేళ్లు కాపురం చేశాను. ఇది నాకూ తెలియదు. నీ పుస్తకం వచ్చినప్పుడు ఊరంతా మెచ్చుకుంటుంటే, తల్లి రాతిగుండెది అన్నట్టు అందరూ చదువుతుంటే, ఆయన దిద్దలేడు, ఊరుకోలేడు. అదీ కోపం.

వారానికి రెండుసార్లు కడపకు రక్తం శుద్ధి చేయించడానికి పోతున్నాము. కుడి కన్ను కూడా పోయింది.

అక్క


కోయిలకుంట్ల,
26 ఫిబ్రవరి 2024

అక్కా,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి ఆరు వారాలు పట్టింది. అంతకాలం ఏం చేశానో చెప్తాను.

ప్రచురణకర్త దగ్గరికి పోయి పుస్తకాలన్నీ తెచ్చేసుకున్నాను. నలభై ప్రతులు అప్పటికే బయటికి పోయినాయి, వాటిని ఎవరు వెనక్కి తేగలరు? మొదటి ముద్రణ వెయ్యి ఎటూ లోకం మీదే ఉన్నాయి. మిగిలిన రెండువందల అరవై నా ఇంట్లో పెట్టుకుని, వెనక అట్ట మీది వాక్యాన్ని నల్ల సిరాతో కొట్టేసి, చివరి తెల్లకాగితం మీద ఇట్లా రాస్తున్నాను:

"ఈ నవలలో ఒక వాక్యం అబద్ధం. విశ్వాసమ్మ వెనక్కి తిరిగి చూసింది. మర్నాడే మళ్లీ నడిచి వెళ్లింది. నేను అడగకుండా రాశాను. తప్పు నాదే. వసంతకుమార్."

రోజుకు పది కంటే ఎక్కువ కావడం లేదు, వేళ్లు లాగుతున్నాయి. ప్రచురణకర్త నాకు పిచ్చెక్కిందని అందరికీ చెప్తున్నాడు. తలుపు సంగతి రాయలేదు. అది బావది, నాది కాదు.

ఒక ప్రతి పంపుతున్నాను. ఈసారి మొదటి పేజీలో ఏమీ రాయలేదు.

వస్తానని ఆయనతో చెప్పు.

వసంత్


ఎర్రగుంట్ల,
9 మార్చి 2024

వసంతూ,

పుస్తకం అందింది. నువ్వు రాసింది చదివి వినిపించాను, ఒక్క అక్షరం దాచకుండా.

"ఎన్నిట్లో రాసినాడు?" అన్నాడు. చెప్పాను. "ముందర పేజీలో ఏం రాసినాడు?" అన్నాడు. ఏం లేదన్నాను. "మేలు" అన్నాడు. తర్వాత, "సగమే రాసినాడు. ఆయమ్మ వచ్చింది సరే, పిల్లోడు యాడ పోయినాడని చదివినోళ్లు అడగరా? పెన్సిల్ ఇయ్యి" అన్నాడు. నేను రాస్తానంటే వద్దన్నాడు. నువ్వు రాసిన దాని కింద తన వేలు పెట్టించుకుని, ఆ వేలి పక్కనే రాసినాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కినాయి కానీ చదవొచ్చు. "తలుపు వెనక నేను ఉన్నాను. యేసుప్రసాద్."

పుస్తకం బొజ్జన్నతో నీకు పంపుతున్నాను. దాన్ని నీ బీరువాలో పెట్టొద్దంటున్నాడు. "సోమన్న అంగట్లో పెట్టమను. ఎవరో ఒకరు కొనుక్కొని చదవనీ" అన్నాడు. ఇద్దరి చేతిరాతా ఉన్న ప్రతి ఇదొక్కటే. నీకు ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇంకొకటి. నువ్వు వస్తానన్నావని చెప్పాను. "రావద్దను. వస్తే లోపలి అర్రలో తలుపేసుకుంటా" అన్నాడు. ఆయన అన్నట్టే రాశాను. ఇక నుంచి నీకూ ఆయనకూ మధ్య నేను ఏమీ దాచదలచుకోలేదు.

మొన్న కడపలో రక్తం శుద్ధి చేస్తుండగా సగంలోనే ఆయనకు బీపీ పడిపోయింది. డాక్టరు నాతో విడిగా మాట్లాడినాడు.

ప్రేమజ్యోతి


కోయిలకుంట్ల,
20 మార్చి 2024

బావకు,

పన్నెండేళ్ల తర్వాత నీ పేరు పెట్టి రాస్తున్నాను. అక్క చదువుతుంది.

పుస్తకం ఐదు రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను. అబద్ధం ఎందుకు, బీరువాలో పెట్టి తాళం కూడా వేశాను. రాత్రి నిద్ర పట్టక కాదు, పగలే సిగ్గేసి తీశాను. నిన్న కర్నూలు పోయి సోమన్న బల్ల మీద పెట్టి, ఎదురుగా అరుగు మీద కూర్చున్నాను.

మధ్యాహ్నం ఒకామె వచ్చింది, కూరగాయల సంచితో. ఎవరో, ఏ ఊరో తెలియదు. రెండు పుస్తకాలు అటూ ఇటూ కదిలించి, మనది తీసుకుని వెనక నుంచి తెరిచింది. నిలబడే చదివింది. నా రాత చదివింది, నీ రాత చదివింది. తర్వాత సోమన్నను ఏదో అడిగింది. నాకు వినపడలేదు, పెదాలు చూసి తెలుసుకున్నాను. "ఈ పిల్లోణ్ణి వాళ్లమ్మ చూసిందా?" అని అడిగింది. సోమన్న తెలియదన్నాడు. ఆమె పుస్తకం సంచిలో పెట్టుకుని పోయింది. నాకు ఆమె వెనక పరుగెత్తాలనిపించింది. పుస్తకం కోసమో, జవాబు చెప్పడానికో నాకే తెలియదు.

శనివారం వస్తున్నాను. నువ్వు రావద్దన్నావని అక్క రాసింది. మీ అమ్మను కూడా ఎవరూ రమ్మనలేదు. అర్రలో తలుపేసుకుంటే వేసుకో. నేను పిలవను, పిలిచినా నువ్వు పలికింది నాకు వినపడదు. తలుపు ముందు కింద కూర్చుంటాను. సందులో నీ కాళ్లు కనపడితే చాలు.

వసంతకుమార్